ట్యాపెట్ పని చేశాక మజ్జిగలా మారిన ఇంజిన్ ఆయిల్

ప్రశ్న: మా నాన్నగారి 1978 నాటి అంబాసిడర్ పెట్రోలు కారును ఇప్పటికీ నేనే నడుపుకుంటున్నాను. రాకర్ షాఫ్ట్ (వాల్వులను నొక్కే రాకర్లు ఊగే ఇరుసు) అరిగి శబ్దం చేస్తుంటే కొత్తది తెప్పించి, ట్యాపెట్ కవర్ తీసి, షాఫ్ట్‌ను పట్టి ఉంచే నట్లు మాత్రం విప్పి నేనే మార్చాను. రాకర్లను కింది నుంచి నెట్టే పుష్ రాడ్లను ఒకే పళ్ళెంలో వేసి కడిగాను. మళ్ళీ బిగించి ఫీలర్ గేజ్‌తో (సన్నని కొలత రేకులతో) రాకర్లకూ వాల్వులకూ మధ్య గ్యాపులన్నీ సరిచేసినా ఒకచోట టక్‌టక్ పోలేదు. నల్లగొండకు వెళ్ళి వచ్చేసరికి రేడియేటర్‌లో నీరు తగ్గి, డిప్ స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: అయ్యా, ముందుగా ఆ ఇంజిన్‌ను ఇక స్టార్ట్ చేయకండి. ట్యాపెట్ కవర్ లోపలి వైపు మాత్రమే కొంచెం తెల్లని నురుగు కనిపిస్తే, తక్కువ దూరాలు తిరగడం వల్ల చేరిన చెమ్మ అనుకోవచ్చు. మీకు డిప్ స్టిక్ దాకా తెల్లబడింది, రేడియేటర్‌లో నీరు కూడా తగ్గింది కాబట్టి ఆ నీరు ఆయిల్ ఛాంబర్‌లోకే దిగుతున్నది. నీరు కలిసిన ఆయిల్‌కు బేరింగులను కాపాడే జిగట ఉండదు.

మీరు విప్పిన నట్లలోనే దీని మూలం ఉన్నది. ఈ 1489 సి.సి. ఇంజిన్‌లో రాకర్ షాఫ్ట్ పెడస్టల్స్‌ను (దాన్ని మోసే దిమ్మెలను) పట్టి ఉంచే నట్లలో నాలుగు పెద్దవి, హెడ్డును (ఇంజిన్ పై భాగాన్ని) బ్లాకుకు అదిమి పట్టే నట్లు కూడా అవే. ఒకవైపు ఆ నాలుగింటిని వదులు చేసి, మిగిలిన హెడ్ నట్లను బిగువుగానే ఉంచితే హెడ్డు ఒక పక్క కొద్దిగా లేస్తుంది. అక్కడ హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనున్న గ్యాస్కెట్ పట్టు తప్పి, నీళ్ళ దారి నుంచి సిలిండర్లలోకి, ఛాంబర్‌లోకి నీరు కారుతుంది. అందుకే ఈ ఇంజిన్‌లో రాకర్ షాఫ్ట్ తీయాలంటే ముందు రేడియేటర్ నీటిని పూర్తిగా వదిలేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లన్నిటినీ కారు పుస్తకంలో చూపిన వరుసలో కొద్దికొద్దిగా సడలించాలి. చేయి తిరిగిన మెకానిక్‌లు కూడా తొందరలో ఈ పని వదిలేయడం నేను చూశాను, కాబట్టి మీరొక్కరే పొరబడ్డారని బాధపడనవసరం లేదు.

ఉన్న నట్లనే మళ్ళీ బిగిస్తే సరిపోతుందని కొందరు మీకు చెప్పవచ్చు. ఒకసారి నీరు కారిన గ్యాస్కెట్‌ను నేను నమ్మను. హెడ్డు దించి, దాని అడుగును స్టీలు స్కేలు అంచుతో అడ్డంగా, మూలమూలలకూ చూసి, వంపు ఉంటే లేత్ షెడ్డులో చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయండి.

హెడ్డు దిగిన రోజునే పుష్ రాడ్ల సంగతి కూడా తేల్చుకోవాలి. రాడ్ కింద ఉండే ఒక్కొక్క ట్యాపెట్ తనను పైకి నెట్టే క్యామ్ ముక్కుతో, ఒక్కొక్క రాడ్ తన ట్యాపెట్ గిన్నెతో ఏళ్ళ తరబడి కలిసి అరిగి ఉంటాయి. వాటిని తారుమారు చేస్తే పాత అరుగుదలకు కొత్త జత కుదరక శబ్దమూ, అరుగుదలా పెరుగుతాయి. అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు పొడిచి, 1 నుంచి 8 దాకా అంకెలు వేసి రాడ్లను గుచ్చి పెట్టడం మా షెడ్డులో మొదటి రోజు నేర్పే పని. ఇప్పుడు ఏది ఎక్కడిదో తెలియదు కాబట్టి, ప్రతి రాడ్‌ను అద్దం పలక మీద దొర్లించి వంకర ఉన్నదేమో చూడండి, రెండు కొసలనూ వేలితో తడిమి గరుకు తేలిన వాటిని పక్కన పెట్టండి. బ్లాకు పక్కనున్న రెండు రేకు మూతలు తీస్తే ట్యాపెట్లు కూడా చేతికి వస్తాయి. అడుగు గుంటలు పడిన ట్యాపెట్‌ను మార్చవలసిందే, అయితే దాని క్యామ్ ముక్కు కూడా అరిగి ఉంటే కొత్త ట్యాపెట్ ఎక్కువ కాలం నిలవదు.

రాడ్ దించేటప్పుడు అది ట్యాపెట్ గిన్నెలో కూర్చున్నదా, అంచు మీద నిలబడిందా అన్నది వేళ్ళకు తెలుస్తుంది. గిన్నెలో పడితే మెత్తగా ఆగి, చుట్టూ తిప్పినా పక్కకు జారదు. రాకర్ల సర్దుబాటు స్క్రూలన్నిటినీ ముందే బాగా వదులు చేసి, ఆ తరువాతే షాఫ్ట్‌ను దించి, నట్లను మధ్య నుంచి బయటికి అరచుట్టు చొప్పున బిగించండి. స్క్రూలు బిగువుగా ఉండగానే షాఫ్ట్‌ను అదిమితే రాడ్ వంగిపోతుంది. పెద్ద నట్లకూ చిన్న నట్లకూ టార్క్ (బిగింపు కొలత) వేరు, ఒకే పానాతో చేతి అంచనాకు బిగించవద్దు. రాకర్లకు ఆయిల్ వచ్చేది ఒక పెడస్టల్‌లోని సన్నని రంధ్రం గుండా కాబట్టి, కొత్త షాఫ్ట్ రంధ్రం దానికి ఎదురుగా ఉన్నదో లేదో కంటితో చూసుకోండి.

ఇక మానని ఆ టక్‌టక్ గురించి. పాత రాకర్ కొన, వాల్వ్ కాడ తగిలే చోట, సన్నని గుంటగా అరుగుతుంది. ఫీలర్ రేకు ఆ గుంటలోకి దిగక రెండు అంచుల మీద వంతెనలా నిలుస్తుంది, అందువల్ల గేజ్‌కు సరిపోయినట్టే ఉన్నా అసలు గ్యాపు ఎక్కువగా ఉంటుంది. గోరుతో గీసి చూడండి, గోరు తట్టుకుంటే ఆ రాకర్ కొనను గ్రైండింగ్ చేయించాలి, లేదా మార్చాలి.

గ్యాపు సరిచేయడానికి తొమ్మిది లెక్క వాడండి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, ఎప్పుడైనా రెండూ కలిపి తొమ్మిది. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్‌వి, మిగిలినవి ఇన్‌లెట్‌వి. మీ కారు పుస్తకంలో గ్యాపు 0.015 అంగుళం అని ఉంటే అది 0.38 మి.మీ. చల్లని ఇంజిన్ మీద కొలవాలని పుస్తకం చెబితే, మన ఎండాకాలంలో తెల్లవారుజామునే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ మీద కొలవండి. మధ్యాహ్నం ఎండలో నిలిచిన బానెట్ కింది ఇనుమును చల్లగా ఉన్నట్టు లెక్కించలేము.

చెడిన ఆయిల్ అంతా దింపి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, ఇంజిన్‌ను కాసేపు నడిపి, దాన్ని కూడా వంపేసి మళ్ళీ పోయండి. రేడియేటర్‌కు బోరు నీళ్ళు పట్టకండి, మన జిల్లా నీటికి లోపలి దారుల్లో సున్నంలా పేరుకునే గుణం ఉన్నది. పుస్తకం చెప్పినంత దూరం తిరిగాక హెడ్ నట్లను మరోసారి బిగించి, గ్యాపులు మళ్ళీ చూడండి, ఎందుకంటే హెడ్డు కాస్త కిందికి దిగితే గ్యాపు ఆ మేరకు తగ్గుతుంది.

ప్రశ్న: నా పాత కారులో ఎగ్జాస్ట్ గ్యాపు ఎన్నిసార్లు సరిచేసినా కొన్నాళ్ళకే తగ్గిపోతున్నది. గ్యాపు పెరగాలి గాని తగ్గడమేమిటి? – ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: అమ్మా, వాల్వ్ తన సీటులోకి కుంగుతున్నది, అది పైకి జరిగిన కొద్దీ గ్యాపు మూసుకుపోతుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పోత ఇనుప హెడ్డులోనే సీటు కోసిన పాత ఇంజిన్లకు ఆ సీసమే మెత్తని పొరలా కాపు కాసేది. ఇప్పుడు హైవే మీద ఎక్కువ వేగంతో నడిపితే ఎగ్జాస్ట్ సీట్లే ముందు అరుగుతాయి. గ్యాపు పూర్తిగా పోయేదాకా ఆగితే వాల్వ్ సరిగా మూసుకోక కాలిపోతుంది. హెడ్డు దించినప్పుడు ఎగ్జాస్ట్ సీట్లకు గట్టి ఉక్కు రింగులు వేయించండి. అంతదాకా నెలకొకసారి ఆ నాలుగు గ్యాపులూ కొలిచి ఒక పుస్తకంలో రాసుకోండి, ఏ వాల్వ్ ఎంత వేగంగా కుంగుతున్నదో ఆ అంకెల్లోనే తెలుస్తుంది.