స్టెంట్ల మీద రీసెర్చ్‌కి బైపీసీయే చదవాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. పోయిన ఏడాది నాకు గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి మా అమ్మాయి స్టెంట్ల మీద రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్. మళ్లీ బైపీసీలో చేర్చి నీట్ రాయించాలా?

జవాబు: వద్దండీ. రెండేళ్లు దండగ. ముందు మీ డిశ్చార్జ్ ఫైలు తీయండి. సాధారణంగా స్టెంట్ డబ్బా మీది స్టిక్కర్ అందులో అంటిస్తారు. ‘3.0 × 24’ లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది పొడవు, మిల్లీమీటర్లలో. ఇప్పటి స్టెంట్లు చాలావరకు కోబాల్ట్ క్రోమియంవే. సన్నటి గొట్టాన్ని లేజర్‌తో జాలీలా కోసి, నునుపు చేసి, బెలూన్ మీద బిగిస్తారు. మణికట్టు నుంచో తొడ నుంచో గుండె రక్తనాళం దాకా తీసుకెళ్లి బెలూన్ ఉబ్బిస్తే జాలీ విచ్చుకుంటుంది. విచ్చుకున్నది మళ్లీ ముడుచుకోకూడదు, గుండె కొట్టుకున్నన్నాళ్లూ విరగకూడదు, రక్తంలో తుప్పు పట్టకూడదు. వీటిలో ఏది బైపీసీ లెక్క, మీరే చెప్పండి! ఇది మెటలర్జీ, మెకానికల్ వాళ్ల పని. ఉత్త లోహం స్టెంట్లలో లోపల కండ పెరిగి నాళం మళ్లీ మూసుకుపోయేది. అందుకే సిరోలిమస్ లాంటి మందు పూయడం మొదలైంది. ఆ పూత దగ్గర కెమిస్ట్రీ వాళ్లు, ఫార్మసీ వాళ్లు వస్తారు.

1990లలో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజుతో కలిసి చవక స్టెంట్ తయారుచేసిన అబ్దుల్ కలాం చదివింది ఏరోనాటిక్స్.

స్టెంట్ వేయాలనుంటే మాత్రం డాక్టరే కావాలి. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం కార్డియాలజీ మూడు, మధ్యలో ఎంట్రెన్సులు. ఆమెకు కావలసింది వేయడమా, తయారు చేయడమా? ఒకసారి కూర్చోబెట్టి అడగండి.

తయారీ అంటే, జేఈఈ మెయిన్ గట్టిగా రాయమనండి. వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ బ్రాంచి ఉంది, సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. కంప్యూటర్స్ రాలేదని బాధపడుతూ చేరే బ్రాంచి అది. మీ అమ్మాయికి మాత్రం అదే ఫస్ట్ ఆప్షన్ కావాలి. బీటెక్‌లోనే బయోమెడికల్ తీసుకోమని నేను చెప్పను. చాలా కాలేజీల్లో అది ఆసుపత్రి మెషీన్ల సర్వీసింగ్ దగ్గరే ఆగిపోతోంది. గేట్ రాసి, బయోమెడికల్‌ను పీజీలో ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట చదవొచ్చు. పీహెచ్‌డీకి తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ ఉంది, చిత్ర గుండె వాల్వు పుట్టింది అక్కడే.

ఉద్యోగాలకు సూరత్, వాపి పేర్లు ముందు వినిపిస్తాయి. మన సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులోనూ స్టెంట్ల ఫ్యాక్టరీ ఉంది. జీతం విషయం దాచను: మొదటి నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన క్లాస్‌మేట్లను చూసి ఇంట్లో పోలికలు మొదలవుతాయి. అప్పుడు మీరు నోరు మెదపకుండా ఉండగలరా? అసలు పరీక్ష అది.

యాంజియోగ్రామ్ సీడీ ఇంట్లో ఉంటే ఆదివారం ఆమెతో కలిసి చూడండి, స్టెంట్‌కు ముందు, తర్వాత. మీ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకండి.