బ్లాక్ బెల్ట్ ఉంది, కానీ దెబ్బ ఆపలేకపోయా: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, ఆరేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నా, పోయినేడాది బ్లాక్ బెల్ట్ వచ్చింది. మొన్న మా ఫ్రెండ్ ఒకడు, బాక్సింగ్‌కి వెళ్లడం మొదలుపెట్టి ఎనిమిది నెలలే అయింది, గ్లౌజులు వేసుకుని కాసేపు ఆడదాం రా అన్నాడు. మూడు నిమిషాల్లో నేను నేర్చుకున్న బ్లాక్ ఒక్కటి కూడా పని చెయ్యలేదు, ముక్కు మీద వరసపెట్టి తగిలాయి, నా చేతులు ఎక్కడున్నాయో నాకే తెలీలేదు. ఇన్నేళ్లూ వేస్టేనా? స్టైల్ మార్చేయమంటారా?

జవాబు: వేస్ట్ కాదు తమ్ముడూ, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. ఆరేళ్లలో నీ కాళ్లకి వచ్చిన బ్యాలెన్సు, నడుం తిప్పి కిక్ కొట్టడం, ఒళ్లు నొప్పులున్నా క్లాసుకి వెళ్లే అలవాటు, ఇవేవీ మీ ఫ్రెండ్‌కి ఎనిమిది నెలల్లో వచ్చి ఉండవు. వాడికి వచ్చిందల్లా ఒకటే, నిజంగా కొట్టాలని చూసేవాడు ఎదురుగా ఉన్నా కళ్లు మూసుకోకుండా చేతులు పైనే ఉంచుకుని నిలబడటం. ఆరేళ్లలో నీకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు, అంతే.

మీ క్లాసులో బ్లాక్ ఎలా ప్రాక్టీస్ చేశారో ఒకసారి గుర్తు తెచ్చుకో. అవతలివాడు ఒకడుగు ముందుకేసి పంచ్ కొట్టి చెయ్యి అలాగే చాపి ఉంచుతాడు, నువ్వు బ్లాక్ చేసి తిరిగి కొడతావు, వాడు కదలకుండా నిలబడి ఉంటాడు. ఏ చెయ్యి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, ఎన్ని వస్తాయో అన్నీ నీకు ముందే తెలుసు. నిజంగా కొట్టేవాడు చెయ్యి అక్కడ వదిలేసి ఉండడు కదా, మొదటిది వెనక్కి లాక్కుంటూనే రెండోది వేసేస్తాడు. అంటే బ్లాక్ చెయ్యడం నీకు వచ్చు గానీ టైమింగూ దూరమూ తెలీవు, ఆ రెండూ మాట వినని పార్ట్‌నర్ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. కటా, అంటే ఒంటరిగా వరసపెట్టి చేసే కదలికలు, వెయ్యిసార్లు చేసినా దొరకవు.

ఇది ఇప్పుడు కనిపెట్టిన సంగతి కాదు. 1882లో జపాన్‌లో జిగోరో కానో కొడొకాన్ అనే స్కూలు స్థాపించి జూడో మొదలుపెట్టినప్పుడు, జుజుత్సు అనే పాత జపాన్ పోరాట విద్యలో ఉన్న గుద్దులు, పొడుపులు, వేళ్లు విరిచే పట్లు లాంటివాటిని ఫ్రీ ప్రాక్టీసులోంచి తీసి పక్కనపెట్టాడు. ఇది వినగానే ఆర్టుని మెత్తబరిచేశాడు అనిపిస్తుంది, కానీ జరిగింది పూర్తిగా రివర్స్. ప్రమాదకరమైనవి పక్కకి పోయాక మిగిలినవాటిని పూర్తి బలంతో, నేను పడను అని మొండికేసేవాడి మీద, రోజూ చెయ్యడం కుదిరింది, దాన్నే రందోరి అంటారు. కళ్లలో పొడిచే టెక్నిక్ నీకు వచ్చనుకుందాం, దాన్ని ఎవరి మీద ప్రాక్టీస్ చేస్తావు? గాల్లో వందసార్లు పొడిచినదానికంటే రోజూ ఎదురుతిరిగే మనిషి మీద వేసిన ఒక మామూలు త్రో చాలా ఎక్కువ పనికొస్తుంది. నేను ఏళ్ల తరబడి కిక్కులూ పంచులే నేర్చుకుని మొదటిసారి జూడో క్లాసుకి వెళ్లిన రోజు నాకంటే బాగా తేలికైన కుర్రాడు నా కాలర్ పట్టుకున్నాడు, నేను ఏం కొట్టాలా అని ఆలోచించేలోపే నేల మీదున్నా. అప్పటికి నన్ను అలా పట్టుకుని లాగినవాళ్లే లేరు మరి.

ఆ జూడోనే కొడొకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయేదా బ్రెజిల్ తీసుకెళ్తే గ్రేసీ కుటుంబం చేతుల్లో బ్రెజిలియన్ జియు జిత్సు అయింది, నేల మీద పట్లు పట్టి లొంగదీసే ఆట అది. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో, అంటే వేరువేరు స్టైల్స్ వాళ్లు తలపడే పోటీలో, వెయిట్ క్లాసులు లేవు, అందులో సుమారు 80 కిలోల రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. అప్పట్లో చాలామంది స్ట్రైకర్లకి, అంటే పంచులూ కిక్కులతో ఆడేవాళ్లకి, మనిషి వచ్చి మీదపడి కిందకి లాగితే ఏం చెయ్యాలో అనుభవమే లేదు. అలా అని స్ట్రైకింగ్ చెత్త అని కాదు, తర్వాత వాళ్లూ టేక్‌డౌన్, అంటే కిందకి పడేసే ప్రయత్నం, ఆపడం నేర్చుకున్నారు, మళ్లీ గెలిచారు.

నువ్వు ఏ రూల్స్‌తో ఆడతావో నీ ఒంటికి ఆ అలవాట్లే వస్తాయి, ఇది బాగా గుర్తుపెట్టుకో. క్యోకుషిన్ అనే కరాటే స్టైల్ వాళ్లు గ్లౌజులు లేకుండా ఫుల్ కాంటాక్ట్ కొట్టుకుంటారు, వాళ్ల దెబ్బ తినే శక్తికి నేను దండం పెడతా, కానీ ఆ పోటీల్లో ముఖం మీద చేత్తో కొట్టకూడదు కాబట్టి కొందరికి చేతులు కిందే ఉండిపోతాయి. బాక్సర్‌కి కాళ్ల మీద కిక్ పడితే కొత్త, జూడో మనిషికి ముఖం మీద పంచ్ పడితే కొత్త. అందుకే స్టైల్ మార్చడం కంటే నీ స్టైల్‌లో ఏ ఖాళీ ఉందో చూసుకుని దాన్ని నింపుకోవడం మంచిదంటా.

ఎలా అంటే, ఆ ఫ్రెండ్‌నే పట్టుకో, వాడు నీకు దొరికిన మంచి గురువు. మొదటి రెండు వారాలు వాడు జాబ్, అంటే ముందు చేత్తో వేసే నేరు పంచ్, ఒక్కటే వెయ్యాలి, మెల్లగానే, కానీ ఎప్పుడు వేస్తాడో చెప్పకూడదు, చెయ్యి అక్కడ వదలకూడదు, నువ్వు ఆపడమో తప్పుకోవడమో చెయ్యి. తర్వాత జాబ్ గానీ, వెనక చేత్తో వేసే క్రాస్ గానీ ఏదైనా రావచ్చు. తర్వాత నువ్వు తిరిగి కొట్టొచ్చు, ఆ తర్వాత వాడు మీదకొచ్చి క్లించ్‌లో, అంటే నిలబడే దగ్గరగా వాటేసి, పట్టుకోవచ్చు. రెండేసి నిమిషాల రౌండ్లు, మూడోవంతు బలం, మౌత్‌గార్డ్ లేకుండా వద్దు. ఒక్కో మెట్టులో పదికి ఆరేడు ఆపగలిగితేనే పై మెట్టు, పదికి పదీ ఆపేస్తున్నావంటే వాడు నీమీద జాలి చూపిస్తున్నట్టే, స్పీడ్ పెంచమను. ఆరేళ్ల కరాటే అప్పుడు బయటికొస్తుంది చూడు, ముఖ్యంగా నీ కిక్ దూరం వాడికి అస్సలు అర్థం కాదు.

ప్రశ్న: మా జిమ్‌లో వారానికి నాలుగు రోజులు ఫుల్ పవర్ స్పారింగ్, అంటే పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్ ఫైట్. తలకి దెబ్బలు తినకపోతే ఫైటర్ అవ్వవు అంటాడు కోచ్. హెడ్‌గేర్ పెట్టుకుంటా, అయినా ఈమధ్య రాత్రిళ్లు తలనొప్పి, లైటు చూస్తే చిరాకు. అలవాటవుతుందా సార్?

జవాబు: అలవాటవ్వదు బాబూ. ఇవాళ్టి నుంచే స్పారింగ్ ఆపు, ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించు, వాంతులో మత్తో మాట తడబడటమో ఉంటే ఈ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లు. నువ్వు చెప్పినవి కంకషన్, అంటే దెబ్బకి మెదడు కదిలి దెబ్బతినడం, దాని లక్షణాలు, అది తగ్గకుండా మళ్లీ తలకి దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదం. చర్మం గట్టిపడ్డట్టు మెదడు గట్టిపడదు, దెబ్బలు లోపల పోగవుతాయి. హెడ్‌గేర్ కోతల్నీ వాపుల్నీ తగ్గిస్తుంది గానీ పుర్రె లోపల మెదడు ఊగడాన్ని ఆపలేదు. అమెచ్యూర్ మగ బాక్సర్లకి 2013లో పెద్ద పోటీల్లో హెడ్‌గేర్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో అది లేకుండానే ఆడారు.

పై జవాబులో స్పారింగ్ కావాలి అన్నది నేనే, ఇక్కడ ఆపమంటున్నదీ నేనే, రెండూ మనస్ఫూర్తిగానే అంటున్నా. పార్ట్‌నర్ ఎదురుతిరగాలి, కానీ పడగొట్టేంత బలం అక్కర్లేదు. థాయ్ ఫైటర్లు తరచూ ఫైట్లు ఆడతారు కదా, క్యాంపుల్లో స్పారింగ్ చూస్తే నవ్వుకుంటూ తాకించుకుంటున్నట్టు ఉంటుంది, బలమంతా ప్యాడ్ల మీదా బ్యాగ్ మీదా చూపిస్తారు. తలనొప్పి చెప్పినా కోచ్ వినకపోతే జిమ్ మార్చెయ్.

ప్రశ్న: సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాప్‌లో మణికట్టు విడిపించుకోవడం నేర్పారు, అక్కడ భలే వచ్చింది. ఇంటికొచ్చి అన్నయ్యని గట్టిగా పట్టుకోమంటే రాలేదండీ. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా, తప్పు నీది కాదు. ఇంటికెళ్లి పరీక్షించి చూశావు, అది చాలామంది చెయ్యని పని. పట్టులో బలహీనమైన చోటు బొటనవేలు వైపే, ఆ సంగతి వాళ్లు సరిగ్గానే నేర్పి ఉంటారు. కానీ ఎవడూ చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడడు, లాగుతాడు, రెండో చెయ్యి వేస్తాడు, గోడకి నెడతాడు. అన్నయ్యని అలాగే లాగమను. వాడు లాగుతున్న వైపే ఒకడుగు వేసి పట్టు కాస్త వదులైన క్షణంలో మోచెయ్యి ముందుకి తోస్తూ చెయ్యి తిప్పి లాక్కో, రాకపోతే అక్కడే పెనుగులాడకుండా రెండో చేత్తో ముఖం మీదకి అరచెయ్యి విసురు, అన్నయ్య చేతిలో ఒక దిండు పెడితే దాన్ని నిజంగానే కొట్టొచ్చు. గట్టిగా అరవడం కూడా ప్రాక్టీస్ చెయ్యి, చాలామందికి ఆ టైములో గొంతే రాదు. భయంలో గుండె దడదడలాడి వేళ్లు వణుకుతాయి, చూపు ఇరుకైపోతుంది, కాబట్టి నాలుగైదు స్టెప్పుల టెక్నిక్కులు మర్చిపో, చెయ్యి విడిపించుకోవడం, కింద పడితే లేవడం, పరిగెత్తడం, ఈ మూడూ బాగా రానీ. వారానికి రెండుసార్లు అన్నయ్యని సతాయించు.

ప్రశ్న: కత్తి లాక్కునే టెక్నిక్ ఏది బెస్ట్?

జవాబు: పాత తెల్ల చొక్కా వేసుకుని ఫ్రెండ్ చేతికి మార్కర్ పెన్ను ఇవ్వు, నీకు నచ్చిన టెక్నిక్‌తో దాన్ని లాక్కో, వాడిని మాత్రం ఒక్కసారి పొడిచి ఆగిపోకుండా గబగబా పొడుస్తూనే ఉండమను. అర నిమిషం తర్వాత చొక్కా మీద గీతలు లెక్కపెట్టు. దారి ఉంటే పరుగే, పర్సు అడిగితే దూరంగా విసిరేసి పరుగు, అసలు దారే లేనప్పుడు రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని వదలకపోవడం. అప్పుడు కూడా గాయాలవుతాయనే అనుకో.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు, ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

జవాబు: నిక్షేపంగా మొదలుపెట్టండి. గ్రాప్లింగ్, అంటే జూడో, జియు జిత్సు లాంటి పట్టుకుని ఆడేవి అయితే తలకి దెబ్బలు తక్కువ, ఓడిపోయా అని చేత్తో తట్టి ట్యాప్ చేస్తే అవతలివాళ్లు వదిలేస్తారు. మొదటి నెల మొత్తం పడటం నేర్చుకోవడానికే ఇచ్చేయండి, మెడా మోకాళ్లూ బాగున్నాయో లేదో ముందు డాక్టర్‌తో చూపించుకుని వెళ్లండి.