చెక్క ఫ్లోరింగ్ కోసం టాప్‌అప్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: కొంపల్లిలో మాకు త్రీ బీహెచ్‌కే ఫ్లాట్ ఉంది. ఇక ఇక్కడే స్థిరపడ్డాం. హాలు, మూడు బెడ్‌రూములు కలిపి 900 చదరపు అడుగులకు ఇంజినీర్డ్ వుడ్ ఫ్లోరింగ్ వేయించాలనుకుంటున్నాం. ఇప్పుడున్న టైల్స్ చలికాలంలో మా అత్తయ్య కాళ్లకు ఇబ్బందిగా ఉన్నాయి. అడుగుకు 440 చొప్పున దాదాపు 4 లక్షలవుతుందన్నారు. పై పొర మందంగా ఉండే రకమైతే 610 అట. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 1.35 లక్షలు వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 52,000, ఇంకా 18 ఏళ్లుంది. ఇంటి ఖర్చులు 55,000, సిప్ 8,000. ఎఫ్‌డీలో 5 లక్షలున్నాయి. బ్యాంకు ఆ హోమ్ లోన్ మీదే అదనపు అప్పు (టాప్‌అప్) 9 శాతానికి ఇస్తానంటోంది. ఫ్లాట్ విలువ కూడా పెరుగుతుందని షాపాయన అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ టాప్‌అప్ సంగతి చూద్దాం. 9 శాతం అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ బ్యాంకు దాన్ని మీ పాత లోన్‌తో పాటే 18 ఏళ్లకు సాగదీస్తే 4 లక్షలకు నెలకు సుమారు 3,750 ఈఎంఐ పడుతుంది. అంత చిన్న మొత్తం కాబట్టే ఎవరికీ భారం అనిపించదు. 18 ఏళ్లలో కట్టే వడ్డీ మాత్రం 4 లక్షలు దాటుతుంది, అంటే అసలు కంటే వడ్డీయే ఎక్కువ. అదే మూడేళ్లలో తీర్చేస్తే వడ్డీ 58,000 దగ్గర ఆగుతుంది. కానీ అప్పుడు ఈఎంఐ 12,700 దాటుతుంది. అంత కట్టగలిగే ఇంట్లో ఆ డబ్బే ముందు దాచుకోవచ్చు కదా, అప్పు దేనికి?

టాక్స్ కలిసొస్తుందని కూడా ఎవరైనా చెప్పి ఉంటారు. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి రిపేర్ల అప్పు మీద ఏడాదికి 30,000 వరకే వడ్డీ మినహాయింపు ఉంటుంది, అదీ మొత్తం 2 లక్షల పరిమితిలోనే. మీ హోమ్ లోన్ వడ్డీతోనే ఆ పరిమితి నిండిపోతుంది. కొత్త విధానంలో ఉంటే ఈ మినహాయింపే లేదు.

ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 1.07 లక్షలు. ఉద్యోగాలకేదైనా అయితే ఆ 5 లక్షలు ఐదు నెలలకు కూడా నిండుగా చాలవు.

ఫ్లాట్ విలువ పెరుగుతుందన్న మాట లెక్కలోంచి తీసేయండి. కొనడానికి వచ్చేవాళ్లు ఏరియా, ఫేసింగ్, కార్ పార్కింగ్, బిల్డింగ్ వయసు చూసి రేటు మాట్లాడతారు. పదేళ్లు వాడిన ఫ్లోరింగ్‌కి విడిగా ఎవరూ డబ్బివ్వరు. మీ అత్తయ్యగారి కాళ్లకు హాయిగా ఉంటుందని వేయించుకుంటే అది మంచి ఖర్చే. టైల్ కంటే చెక్క పాదాలకు చల్లదనం తక్కువగా తగులుతుంది, ఆ మాట నిజం.

ఇక ఏది కొనాలన్నది. 440 రకం మొత్తం మందం 14 మి.మీ. అని షాపులో గట్టిగా చెబుతారు. ఆ 14లో ఎక్కువ భాగం ప్లైవుడ్ లేదా ఒత్తిన చెక్కపొడి బోర్డు. అసలు చెక్క పైన అతికించిన పొర మాత్రమే. మీరు రాసినదాన్ని బట్టి తక్కువ రేటు దానిలో ఆ పొర 1 మి.మీ. లోపే ఉండొచ్చు. అంత పల్చటిదాన్ని గీతలు పడితే సాండింగ్ (పైన అరగదీసి నునుపు చేయడం) చేయలేం, పలకే మార్చాలి. 3 మి.మీ. ఉంటే ఒకట్రెండు సార్లు సాండింగ్ చేసి మళ్లీ పాలిష్ వేయించుకోవచ్చు. ఇక్కడే ఉంటామంటున్నారు కాబట్టి నా ఓటు 610 రకానికే. ఆరేడేళ్లలో ఇల్లు మారే ఆలోచనైతే ఇంజినీర్డ్ వుడ్డే వద్దు, మంచి లామినేట్ (చెక్కలా కనిపించే ప్రింట్ అతికించిన బోర్డు) చాలు అనేవాణ్ణి. పై పొర ఎన్ని మి.మీ. అన్నది బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట వద్దు.

అయితే హాల్లో వేయించకండి. మన ఇళ్లలో హాలంటే వచ్చిపోయేవాళ్ల చెప్పుల ఇసుక, ఒలికే నీళ్లు, పండగకి బకెట్‌తో కడగడం. చెక్క నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది, గట్టిగా పిండిన మాప్‌తో తుడవాలి. ఆ అలవాటు పనిమనిషితో సహా ఇంట్లో అందరికీ రావాలి. అందుకే అత్తయ్యగారి గది, మీ గది, ఈ రెండే చాలు. రెండూ కలిపి 300 అడుగులు అనుకుందాం. కోతల్లో పోయే వేస్టేజీ 7 శాతం కలిపితే 321 అడుగులు, 610 చొప్పున 1.96 లక్షలు. కింద ఫోమ్ షీట్, గోడల అడుగున బిగించే స్కర్టింగ్, గుమ్మాల దగ్గర పట్టీలు కలిపి 2.2 లక్షలు పెట్టుకోండి. మీ లెక్క ప్రకారం నెలకు 20,000 మిగులుతోంది. సిప్ ఆపకుండా ఆ 20,000 ఆర్‌డీలో వేస్తే 11 నెలల్లో డబ్బు చేతికొస్తుంది. ఈ చలికాలానికి అత్తయ్యగారి మంచం పక్కన మందపాటి కార్పెట్ ముక్క వేయండి.

కొలతలప్పుడు మీరు పక్కనే ఉండండి. గోడకు బిగించిన వార్డ్‌రోబ్ కింద ఫ్లోరింగ్ పోదు. 8 అడుగుల పొడవు, 2 అడుగుల లోతున్న వార్డ్‌రోబ్ ఒక్కటే 16 చదరపు అడుగులు, అంటే దాదాపు 9,800 రూపాయలు. గది మొత్తం కొలిచేస్తే ఆ డబ్బు ఊరికే కడతారు. ఉన్న టైల్స్ గట్టిగా, సమంగా ఉంటే వాటి మీదే పరచొచ్చు, పగలగొట్టే ఖర్చు మిగులుతుంది. కానీ నేల ఎత్తు పెరిగి తలుపులు రాసుకుంటాయి. వాటి అడుగు కోయడానికి కార్పెంటర్ కూలి ఎవరిదో, 610లో జీఎస్టీ, లేబర్ ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. గోడల అంచున 8–10 మి.మీ. ఖాళీ వదులుతారు. వానాకాలంలో చెక్క సాగేందుకే అది, పూడ్చమనకండి. స్కర్టింగ్ బిగించి, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయని మీరు చూసుకునేదాకా పదో వంతు డబ్బు చేతిలో ఉంచుకోండి.