ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు స్విచ్‌లపై ఒకే వీల్యాన్ ఉన్నా పింగ్ ఎందుకు వెళ్లదు?

ఐపీ చిరునామాలు సరిగా ఉండి కూడా పింగ్ (అవతలి పీసీని చేరగలమో లేదో చూసే పరీక్ష సందేశం) వెళ్లడం లేదంటే, చాలాసార్లు స్విచ్‌లను కలిపే లింకు ట్రంక్‌గా, అంటే అనేక వీల్యాన్‌ల (స్విచ్‌లో విడివిడిగా చేసిన నెట్‌వర్క్‌ల) డేటాను మోసే లింకుగా, మారకపోవడమే కారణం. ప్యాకెట్ ట్రేసర్ (నెట్‌వర్క్‌లను అనుకరించే సాఫ్ట్‌వేర్)లోని సిస్కో 2960 స్విచ్ పోర్టులు మొదట ‘డైనమిక్ ఆటో’ స్థితిలో ఉంటాయి. అవతలి పోర్టు అడిగితే ట్రంక్ అవుతాయి తప్ప తమంతట తాము అడగవు. రెండు వైపులా అదే స్థితి ఉంటే అడిగేవారే ఉండరు కాబట్టి లింకు యాక్సెస్ పోర్టుగా (ఒకే వీల్యాన్‌కు చెందిన పోర్టుగా), వీల్యాన్ 1లోనే ఉండిపోతుంది.

ఉదాహరణకు, రెండు స్విచ్‌లకూ వీల్యాన్ 10లో ఒక్కో పీసీ ఉంది. స్విచ్‌లను కలిపింది గిగాబిట్ 0/1 పోర్టు. మొదటి పీసీ పంపిన ఏఆర్‌పీ అభ్యర్థన (అవతలి పీసీ హార్డ్‌వేర్ చిరునామా అడిగే సందేశం) తన స్విచ్‌ను దాటదు, ఎందుకంటే బయటికి వెళ్లే ఆ పోర్టు వీల్యాన్ 10లో లేదు. రెండు వైపులా ఆ పోర్టుపై ‘స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్’ ఆదేశం ఇవ్వండి. తర్వాత ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ ఫలితంలో 10 ఉందో లేదో తప్పక చూడండి. ఈ ఒక్క ఆదేశం ఎంతో వెతుకులాటను తప్పిస్తుంది.

లింకుపై పచ్చ గుర్తు కనిపిస్తే అంతా సవ్యంగా ఉందనుకోవడం చాలామంది పొరపాటు. పోర్టు పనిచేస్తోందనే ఆ గుర్తు చెబుతుంది. ఏ వీల్యాన్ దాటుతోందో చెప్పదు.