రెండో కుర్చీ

చిట్టితల్లికి,

నిన్న మీ అమ్మ ఫోను చేసి, మీరిద్దరూ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారని చెప్పింది. ఆ సంతోషంలో ఆమె చివర్లో అన్న మాట నాకు ఫోను పెట్టేశాక గానీ బుర్రకెక్కలేదు. ఎనిమిది నెలలైందట. ఏడాది నిండాక నువ్వొక్కదానివే వెళ్లి డాక్టరుకు చూపించుకుంటావట, అబ్బాయిని ఇప్పుడే కంగారు పెట్టడం ఎందుకని. ఆ 'ఒక్కదానివే' అన్న మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు నీ ఏడాది లెక్క సరిచేయనీ. ఏడాది ఆగమనేది 35 లోపు వాళ్లకు. 35 నిండితే ఆరు నెలలే. 40 దాటితే ఆగే ప్రసక్తే లేదు. నీకు 36. అంటే రెండు నెలల కిందటే వెళ్లవలసింది. అసలు నీకు ఆ ఆరు నెలలు కూడా ఎక్కువేమో. కాలేజీ రోజుల్లో నెలసరి వస్తే మంచం మీద ముడుచుకుపోయి, పిలిచినా పలికేదానివి కాదు. ఆ నొప్పి ఇప్పటికీ ఉంటే డాక్టరుకు మొదట చెప్పవలసిన మాట అదే. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు, ఉందేమో వాళ్లు చూడాలి. నెలసరి తప్పిపోతున్నా, థైరాయిడ్ ఉన్నా, ఇదివరకు పొత్తికడుపులో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఏ గడువూ చూసుకోనక్కర్లేదు. ఆడవాళ్లకు నొప్పి మామూలేనని నీకు నూరిపోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకు క్షమించు.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటికే వేసుకుంటూ ఉంటావు, లేకపోతే ఈ రోజే మొదలుపెట్టు. వాడుతున్న మందులేవీ నీ అంతట నువ్వు ఆపకు, అడిగి ఆపు. అండం విడుదలయ్యే రోజని ఫోనులో యాప్ చూపించిన ఆ ఒక్క రోజు కోసం ఇద్దరూ పరీక్షకు కూర్చున్నట్టు కూర్చోకండి. రెండు మూడు రోజులకు ఒకసారి కలిసి ఉంటే చాలు. శుక్రకణాలు అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు, అండమే ఒక్క రోజుకు మించి ఆగదు.

ఇక నా సంగతి. మీ పెదనాన్నతో చెప్పి, ఆయన సరేనన్నాకే రాస్తున్నాను.

మేం ఆసుపత్రికి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు నాకు 34. మొదలుపెట్టాం అన్నానా, మొదలుపెట్టాను. డాక్టరు గదిలో బల్లకు ఇవతల రెండు కుర్చీలుండేవి. ఒకదానిలో నేను కూర్చుని, రెండోదానిలో నా సంచీ, ఫైలు పెట్టుకునేదాన్ని. "ఆయన రాలేదా?" అని అడిగితే పనిలో ఉన్నారనేదాన్ని. అబద్ధం. రమ్మని నేను అడిగితే కదా! ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల్లోకి రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, చివరికి బొడ్డు దగ్గర కోసి కెమెరాతో చూడటం. అన్నిటికీ ఒకటే జవాబు, బాగానే ఉందని. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

నాలుగేళ్లకు డాక్టరు మారారు. కొత్తావిడ నా లావుపాటి ఫైలు తెరవకుండానే, "మీవారి వీర్య పరీక్ష కాగితం ఏది?" అన్నారు. లేదన్నాను. "పెద్దయ్యాక ఆయనకు గవదబిళ్ళలు వచ్చాయా?" అన్నారు. తెలియదన్నాను. ఆ సాయంత్రం అడిగితే మీ పెదనాన్న దవడ కింద చెయ్యి పెట్టుకుని, వచ్చాయి, 19వ ఏట, వృషణాలు కూడా వాచి పదిహేను రోజులు లేవలేదు అన్నారు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన ఎవరికీ చెప్పలేదు.

మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, అంతే పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి ఇవ్వాలి, కోత లేదు, సూది లేదు. కణాలు చాలా తక్కువగా ఉన్నాయని తేలింది. కొత్త కణాలు తయారవడానికి రెండు నెలల పైన పడుతుంది కాబట్టి మూడు నెలలాగి మళ్లీ చేశారు. అదే ఫలితం. అప్పటికి నాకు 38 దాటాయి, ఈలోగా నా అండాలూ తగ్గాయి. రెండుసార్లు చికిత్స చేయించుకున్నాం, నిలవలేదు. మీ పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. "మొదటి రోజే చెప్పి ఉంటే మొదటి రోజే వచ్చేవాణ్ని కదా" అన్నారు, అంతే. అది ఇప్పటికీ చెవుల్లో ఉంది.

సంతానం ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. అబ్బాయిని అడుగు, చిన్నప్పుడు ఏ ఆపరేషన్ అయినా అయిందా, వృషణాలు పొత్తికడుపులోంచి కింద సంచిలోకి దిగాయా అని. జిమ్‌కు వెళ్తాడు కదా, కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు వాడుతున్నాడేమో అదీ అడుగు. అవి కణాల తయారీనే ఆపేస్తాయి. పెద్దమ్మకు సిగ్గు లేదనుకున్నా ఫరవాలేదు.

నువ్వు నాకు బిడ్డ లేని లోటు తీర్చావని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆ బరువు నీకెందుకు? నువ్వు నాకు నువ్వుగానే ఇష్టం.

నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి. ఏ రోజున వెళ్తున్నారో నాకు చెప్పు. డాక్టరు ఏమన్నారని నేను అడగను. నువ్వు చెబితే వింటాను.

పెద్దమ్మ