వాహనాల కదలిక, సందేశాల దారి

ప్రశ్న: వాహనాలు వైర్‌లెస్‌గా సందేశాలు పంపుకునే నెట్‌వర్క్‌ను సిమ్యులేషన్‌లో పరీక్షిస్తున్నాను. సందేశం ఏయే వాహనాల మీదుగా గమ్యం చేరాలో అవసరమైనప్పుడు వెతికే ఏఓడీవీ రూటింగ్‌లో దారులు తరచూ తెగిపోతున్నాయి. వాహనాల వేగమే కారణమా?

జవాబు: వేగం కన్నా సాపేక్ష వేగమే ముఖ్యం. రేడియో పరిధి 300 మీటర్లు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వచ్చే రెండు కార్ల మధ్య సంబంధం దాదాపు 11 సెకన్లలో తెగిపోతుంది. ఒకే దిశలో గంటకు 10 కిలోమీటర్ల వేగం తేడాతో సాగే కార్ల మధ్య అదే మూడున్నర నిమిషాలకు పైగా నిలవగలదు. అందువల్ల సందేశం పంపే ముందు పూర్తి దారిని వెతికి పెట్టుకునే ఏఓడీవీ, ఎదురు దిశ వాహనాన్ని మధ్యవర్తిగా ఎంచుకున్నప్పుడల్లా ఆ వెతుకులాటను త్వరలోనే మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది.

నగరంలో చిక్కు వేరు. ఎర్రలైటు దగ్గర గుమిగూడిన వాహనాల సందేశాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఆ గుంపు కదిలిపోయాక, తరువాతి గుంపు వచ్చేదాకా, సందేశాన్ని అందుకునే వాహనమే ఉండకపోవచ్చు. ఆలస్యాన్ని భరించగలిగిన సందేశాలైతే, వాటిని మోసుకెళ్లి మరో వాహనం తారసపడినప్పుడు అందించే పద్ధతే మేలు.

మీ సిమ్యులేషన్‌లోని కదలిక నమూనాను తప్పక పరిశీలించండి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోటికి నేరుగా సాగే ర్యాండమ్ వేపాయింట్ నమూనాలో రోడ్లూ ఉండవు, సిగ్నళ్లూ ఉండవు. దాని ఆధారంగా వాహనాల రూటింగ్‌పై తీర్పు చెప్పడం సరికాదని నా దృఢాభిప్రాయం. సుమో వంటి ట్రాఫిక్ సిమ్యులేటర్‌తో కదలికలను రూపొందించి, అవే పరీక్షలు మళ్లీ జరపండి.