దిబ్బే మిగిలింది, రాళ్లేమయ్యాయి?

ప్రశ్న: మాస్టారూ, మొన్న ఆదివారం పిల్లలతో విజయవాడ నుంచి అమరావతి వెళ్లాం. గుడి బాగుంది. స్తూపం దగ్గరికెళ్తే గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ. "ఇంతేనా?" అంది మా పాప. రాజధాని ఇదేనని మావారు, కాదని ఆటో అతను వాదులాట. పక్కనే మళ్లీ ధరణికోట అని బోర్డు. ఏది ఏ ఊరు? స్తూపం రాళ్లన్నీ ఏమైనట్టు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆటో అతనే గెలిచాడమ్మా. మీరు చూసింది పాత అమరావతి, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. రాజధానికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో, సచివాలయం ఉన్నది వెలగపూడిలో. అవి గుంటూరు జిల్లాలో, మీరు వెళ్లిన ఊరికి తూర్పున, దాదాపు 20 కిలోమీటర్ల అవతల. పేరిచ్చిన ఊరు రాజధానిలో లేదు!

అమరావతి, ధరణికోట రెండిట్లో పెద్దది ధరణికోట, వయసులో. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. నేను సోషల్ చెప్పే రోజుల్లో ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని గుంటూరు నుంచి బస్సులో తీసుకెళ్లేవాణ్ణి. లాం, మోతడక దాటితే అంతా నల్లరేగడి, పత్తి, మిరప. "వానాకాలం ఈ చేలల్లో బండి నడుస్తుందట్రా?" అనడిగితే, "ఇరుసు దాకా దిగబడుద్ది సార్" అని రైతుబిడ్డలు నవ్వేవాళ్లు. మరి స్తూపానికి వేల మణుగుల రాయి ఎలా కదిలిందర్రా అని, రేవులోకి దింపి కృష్ణను చూపించేవాణ్ణి. ఎగువన పలనాటి సున్నపురాయి, దిగువన సముద్రం. 1960ల్లో ధరణికోటలో తవ్వితే పడవల రేవు, దాన్ని నదితో కలిపే కాలువ బయటపడ్డాయి కూడా.

ఇక రాళ్ల సంగతి. ఆ దిబ్బను ఊళ్లో దీపాలదిన్నె అనేవారు. 1344లో కూడా అది పాడుబడలేదు. ధాన్యకటకంలో రెండంతస్తుల విగ్రహగృహాన్ని ధర్మకీర్తి అనే భిక్షువు బాగుచేయించాడని శ్రీలంకలో, క్యాండీ దగ్గర, ఆ ఏటి శాసనం ఉంది. ఆ తర్వాత జనం మరిచిపోయారు. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి మకాం మార్చి, అమరేశ్వరుడి గుడి చుట్టూ కొత్త ఊరు లేపాడు. ఊరికి రాయి కావాలి. దిన్నె తవ్వితే చెక్కిన పలకలు తయారుగా దొరికాయి. కొన్ని కట్టడాలకు పోయాయి, కొన్ని శివగంగ చెరువుకు, కొన్ని సున్నంబట్టీకి.

నాయుడుగారిని తిట్టేవాళ్లున్నారు. నాకు నోరు రాదు. మా తాత కూడా ఎవరిదో పాడుబడ్డ గోడ ఇటుకలతోనే గొడ్లపాక కట్టాడు.

ఈ తవ్వకం సంగతి విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి, మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు చేర్చాడు. వాటిలో చాలావాటిని 1859లో లండన్ పంపేశారు. అందుకే ఇవాళ ఆ స్తూపం కొంత బ్రిటిష్ మ్యూజియంలో, కొంత చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, కొంత మాత్రమే దిబ్బ పక్కనున్న మ్యూజియంలో ఉంది. మీరు ముందు మ్యూజియం చూసి దిబ్బ దగ్గరికి వెళ్లాల్సింది.

పాపను సెలవుల్లో ఎగ్మూరు తీసుకెళ్లండి. అక్కడొక గుండ్రటి పలక ఉంది. ఒక పక్క నలగిరి ఏనుగు మదమెక్కి మనుషుల్ని తొక్కేస్తుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్లు వంచి ఉంటుంది. మిద్దెల మీంచి ఆడవాళ్లు తొంగిచూస్తుంటారు. వాళ్ల గాజులు లెక్కపెట్టమనండి, "ఇంతేనా" అనదు.

అమరావతికి వానాకాలంలో మళ్లీ వెళ్లేటట్లయితే దారిలోని పెదమద్దూరు వాగు సంగతి కనుక్కుని బయల్దేరండి. అది పొంగితే గుంటూరు మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాలి.